చలానా మన పేరున, బండి పిల్లాడి చేతిలో

మొన్న జూలైలో ఒక మధ్యాహ్నం నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా బండి నంబరు, ఓవర్ స్పీడ్, వెయ్యి రూపాయల ఫైను, పైన యూజర్ ఛార్జీలు. బండి మా ఆయన పేరున ఉంది, రిజిస్ట్రేషన్ అప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు నాది. ఆయన బండి మెల్లగా నడిపే మనిషి కాబట్టి ఏదో పొరపాటు జరిగిందనుకుని సైట్‌లో నంబరు కొట్టి ఫొటో తెరిచాను. శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్ల దగ్గర నేషనల్ హైవే. బండి మీద ఇద్దరు. ముందున్నవాడు వేసుకున్న నీలం గళ్ల చొక్కా ఆ ఆదివారం పొద్దున్న నేను ఇస్త్రీ చేసిచ్చింది. భుజాల దగ్గర గాలికి ఉబ్బిపోయి ఉంది, తల మీద హెల్మెట్ లేదు, కళ్లు చికిలించుకుని ఉన్నాడు. వెనక కూర్చున్న వాడి ఫ్రెండు ముందుకి వంగి, చెయ్యి చాపి, ఫోన్‌తో స్పీడోమీటర్‌ని వీడియో తీస్తున్నాడు. ఫొటో కింద 96 అని ఉంది.

ఆ టైముకి మా వాడు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ట్యూషన్‌లో ఉండాలి. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ, వయసు 17.

నిజం చెప్పాలంటే నాకు ముందు కోపం రాలేదు. ఫొటో మీద తేదీ రెండు రోజుల కిందటిది, అంటే వాడు క్షేమంగా ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకుని, లేచి కాలేజీకి కూడా వెళ్లాడు అన్నదే ముందు తట్టింది. కోపం తర్వాత వచ్చింది.

సాయంత్రం ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరిగినా ఇలాగే ఉంటుంది. మా ఆయన చెయ్యెత్తారు, ఒకటి తగిలింది కూడా. మా మావయ్యగారు అడ్డంపడి, "గుంటడన్నాక ఆ మాత్రం స్పీడుంటాదమ్మా, ఫైను కట్టేత్తే పోద్ది, ఎందుకంత గోల సేత్తన్నారు?" అన్నారు. నేను ఏడ్చాను. మా వాడు మాట్లాడకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ రాత్రి వెయ్యి రూపాయలు ఫోన్‌లోనే కట్టేద్దామని చలానా మళ్లీ తెరిచి, ఎందుకో ఆగాను. ఆ తర్వాత వారం రోజులు చట్టంలో ఏముందో చదివాను, తెలిసినవాళ్లని అడిగాను. అప్పుడు అర్థమైంది, మేం ముగ్గురం మూడు రకాలుగా తప్పు చేయబోయాం అని. కొట్టడం ఒక తప్పు, వెనకేసుకురావడం ఇంకో తప్పు, గుట్టుచప్పుడు కాకుండా డబ్బు కట్టేసి చేతులు దులుపుకోవడం ఈ రెంటికన్నా పెద్ద తప్పు.

ఎందుకో చెప్తాను. ఆ చలానా స్పీడుకి వేసింది. కెమెరాకి కనిపించేది నంబరు ప్లేటు, స్పీడు అంతే, నడిపేవాడి వయసు దానికి తెలియదు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లైన్ల రోడ్డు మీద మోటార్ సైకిల్‌కి గరిష్ఠ వేగం 80, మున్సిపాలిటీ పరిధిలో 60. 96కి వెళ్లింది కాబట్టి ఓనరుకి ఫైను పడింది. ఆ ఫైను కట్టేస్తే కంప్యూటర్‌లో లెక్క సరిపోతుంది. కానీ అసలు తప్పు ఆ లెక్కలో లేనే లేదు. 17 ఏళ్ల పిల్లాడు 96కి నడిపినా, 40కి నడిపినా, ఆ బండి వాడి చేతిలో ఉండటమే నేరం. అది వాడి ఒక్కడిదీ కాదు, మాది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 199ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులో, ఇంకెవరైనా సంరక్షకులో, లేదా బండి ఓనరో దోషి. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లెర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు. పైగా తల్లిదండ్రుల ఒప్పుకోలుతోనే పిల్లాడు బండి తీశాడని కోర్టు ముందే అనుకుంటుంది. మాకు తెలియకుండా తీశాడనో, మా జాగ్రత్తలో మేమున్నామనో రుజువు చేసుకోవాల్సింది మనమే. రోజూ ట్యూషన్‌కి బండి మీద పంపిస్తూ, పెట్రోలుకి డబ్బులు మనమే ఇస్తూ, మాకు తెలియదని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?

చాలామంది "16 నిండితే గేర్లు లేని బండికి లైసెన్సు ఇస్తారు కదా" అంటారు. ఇస్తారు, అమ్మానాన్న సంతకం పెడితే ఇస్తారు, కానీ అది 50 సీసీకి మించని బండికి. మన ఊళ్లో షోరూముల్లో కనిపించే పెట్రోలు స్కూటీలు చాలావరకు 110, 125 సీసీవే. చేపల బుట్టలు, పాల క్యాన్లు మోసే టీవీఎస్ ఎక్స్ఎల్ 100 కూడా దాదాపు 100 సీసీ. కాబట్టి ఆ లైసెన్సు చేతిలో పెట్టుకుని స్కూటీ నడిపితే లైసెన్సు లేనట్టే లెక్క. 250 వాట్లకి లోపు మోటారుతో, గంటకి 25 కిలోమీటర్లు దాటకుండా నడిచే చిన్న ఎలక్ట్రిక్ బళ్లకి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. టెన్త్‌లో 550 దాటితే బండి కొనిస్తానని మాటిచ్చే ప్రతి తండ్రికీ ఇది ఎవరైనా ముందే చెప్తే బాగుండును. ఆ మాట మా ఇంట్లో కూడా అన్నాం, వాడికి 556 వచ్చాయి, కొత్త బండి కొనలేక వాళ్ల నాన్న బండే "నీదే అనుకో" అని తాళం చేతికిచ్చాం.

ఇక డబ్బు సంగతి. ఇది జైలు కన్నా దగ్గరి ప్రమాదం, ఎవరూ మాట్లాడుకోరు. బండికి ఇన్సూరెన్స్ ఉంది కదా అన్న ధైర్యం మనకి ఉంటుంది. లైసెన్సు లేని పిల్లాడు ఎవరినైనా గుద్దితే ఏమవుతుందంటే, చాలా కేసుల్లో కోర్టు ముందు బాధితుల కుటుంబానికి కంపెనీని డబ్బు ఇవ్వమంటుంది, తర్వాత ఆ మొత్తాన్ని ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటుంది. కంపెనీ ఆ ఉత్తర్వు పట్టుకుని మన ఇంటికి వస్తుంది. ఎంత వస్తుందో ఒక లెక్క చూపిస్తాను. 34 ఏళ్ల తాపీ మేస్త్రీ, నెలకి 15,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీద ఆధారపడ్డారనుకోండి. ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునేవాళ్లు 40 లోపు వయసులో పోతే, మున్ముందు సంపాదన పెరిగేదన్న లెక్కన 40 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అంటే 2,52,000. నలుగురు ఆధారపడ్డారు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీసేస్తే 1,89,000. 31 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లకి 16తో హెచ్చవేయాలని 2009 తీర్పు. మొత్తం 30,24,000. అంత్యక్రియల ఖర్చు, వడ్డీ వగైరా దీని మీద. ఆ మేస్త్రీ భార్యాపిల్లలకి ఆ డబ్బు దక్కాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అది మా ఆయన జీతంలోంచి, మేం ఉంటున్న ఇంట్లోంచి పోతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి మావయ్యగారికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

చట్టం సంగతి అలా ఉంచి, పిల్లాడి సంగతికి వద్దాం.

2024 మే నెలలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు కారుతో ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణాలు తీసినప్పుడు, జువనైల్ బోర్డు 300 పదాల వ్యాసం రాయమన్న షరతుతో కొన్ని గంటల్లోనే బెయిలు ఇస్తే దేశమంతా మండిపడింది. నేనూ మండిపడ్డాను. కానీ ఆలోచిస్తే, మన ఇళ్లలో వేసే శిక్షలకీ చేసిన తప్పుకీ కూడా ఇంతే సంబంధం. బండి స్పీడుగా నడిపితే క్రికెట్ మాన్పిస్తాం, ఫోన్ లాక్కుంటాం, వారం రోజులు మాట్లాడటం మానేస్తాం, చుట్టాల ముందు పరువు తీస్తాం. రెండో వారానికి మనకే ఓపిక అయిపోయి తాళం మళ్లీ వాడి చేతిలో పెడతాం, ఎందుకంటే పొద్దున్న ఆరింటికి ట్యూషన్‌కి దింపేవాళ్లు లేరు.

నేను మా వాడి ఈడు పిల్లల్ని, వాళ్ల అమ్మల్ని అడిగి తెలుసుకున్నది ఒకటుంది. చలానా పడ్డాక పిల్లలు నేర్చుకున్నది మెల్లగా వెళ్లడం కాదు. నంబరు ప్లేటు పైకి వంచడం, ఒక అంకె మీద మాస్కు తగిలించడం, కెమెరా ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అక్కడ మాత్రం తగ్గించడం. దెబ్బలు తిన్న పిల్లాడు నేర్చుకున్నది, ఫ్రెండు బండి మీద వెళ్తే ఇంటికి మెసేజ్ రాదు అని. అంటే మనం వేసిన శిక్ష వాడిని ప్రమాదం నుంచి కాదు, మన నుంచి దూరం జరిపింది. కొట్టడం వద్దని నేను అనేది జాలితో కాదు. కొడితే వాడి మనసులో మిగిలేది మన చెయ్యి, రోడ్డు కాదు.

ఇంకోటి, ఈ వయసు పిల్లల మెదడులో ముందూవెనకా ఆలోచించి తనని తాను ఆపుకునే భాగం పాతికేళ్ల వయసు వచ్చేదాకా పెరుగుతూనే ఉంటుందని శాస్త్రవేత్తలు చెప్తారు. డ్రైవింగ్ ఆటలు పెట్టి చేసిన పరీక్షల్లో, ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే ఆడిన పిల్లలు పక్కన ఫ్రెండ్స్ చూస్తుంటే ఎక్కువ తెగించారు, పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఆ చలానా ఫొటోలో నేను ముందు చూసింది మా వాడిని, కానీ చూడాల్సింది వెనకున్న ఫోన్‌ని. 96 అన్నది మా వాడు ఒక్కడే పుట్టించింది కాదు, ఆ ఫోన్ లేకపోతే బహుశా 70 దగ్గర ఆగేది. ఆ పిల్లాడి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, "మా వాడు వెనకే కదండీ కూర్చున్నాడు" అన్నారు. ఫొటో పంపించాను. కాసేపటికి ఆవిడే మళ్లీ ఫోన్ చేశారు, గొంతు మారిపోయి ఉంది.

స్పీడంటే ఏంటో వాడికి నేను చెప్పలేదు, వాడి ఫిజిక్స్ పుస్తకమే చెప్పింది. ఓ ఆదివారం వాళ్ల నాన్న వాడిని కూర్చోబెట్టి, తిట్టకుండా, లెక్క వెయ్యమన్నారు. ఎదురుగా ఏదో కనిపించిన క్షణం నుంచి చెయ్యి బ్రేకు మీద పడటానికి ఒక సెకను. బ్రేకు పడ్డాక ఇద్దరున్న బండి వేగం గడిచే ప్రతి సెకనుకీ, సెకనుకి 6 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. 60లో వెళ్తే సెకనుకి 16.7 మీటర్లు. చెయ్యి పడేలోపు 16.7, బ్రేకు పడ్డాక 23, మొత్తం 40 మీటర్లలో ఆగుతుంది. 96లో వెళ్తే సెకనుకి 26.7 మీటర్లు. చెయ్యి పడేలోపే 26.7 అయిపోయాయి, ఆ తర్వాత 59, మొత్తం 86. ఇంతవరకు వాడు నిమిషంలో వేసేశాడు. అప్పుడు వాళ్ల నాన్న ఇంకో ప్రశ్న అడిగారు. 60లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన ఆ 40వ మీటరు దగ్గర, నీ బండి ఎంత స్పీడులో ఉంటుంది?

వాడు వేశాడు, కొట్టేశాడు, మళ్లీ వేశాడు. గంటకి దాదాపు 85.

టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లి కొలిచారు ఇద్దరూ. మా గేటు దగ్గర సున్నం ముక్కతో గీత గీసి, 40 మీటర్ల దగ్గర ఇంకో గీత. అది సరిగ్గా మూల కిరాణా కొట్టు ముందు పడింది, అక్కడ ఆ టైముకి ఓ చిన్న పాప చాక్లెట్ కొనుక్కుంటూ నిలబడి ఉంది. మా వాడు గీత మీద అలాగే కూర్చుని ఆ పాప వెళ్లిపోయేదాకా లేవలేదు. ఆ వీధిలో వాడు 96కి వెళ్తాడని కాదు. కానీ అప్పటిదాకా 96 అంటే వాడికి ఒక అంకె, వీడియోలో చూపించుకునేది. ఇంకో మాట కూడా వాడే చెప్పాడు, 12 కిలోమీటర్లు 60లో వెళ్తే 12 నిమిషాలు, 96లో వెళ్తే ఏడున్నర, నాలుగున్నర నిమిషాలే మిగిలాయమ్మా అని.

అది కూడా రోడ్డు బాగున్నప్పటి లెక్క. మన రోడ్ల మీద కోతల టైములో ధాన్యం, ఎండాకాలం మొక్కజొన్న ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, చీకట్లో ఆ రాళ్లు కనపడవు. టెక్కలి వైపు గ్రానైట్ లారీలు, వెనక లైటు లేని ట్రాక్టర్లు, డివైడర్ మీంచి దిగే గేదెలు. శీతాకాలం పొద్దున్న నాగావళి దగ్గర మంచు. ఇవేవీ ఆ లెక్కలో లేవు.

సరే, మరి ఏం చెయ్యాలి? ఇక్కడ రెండు వేరువేరు సంగతులు కలిపేయకూడదు. పిల్లాడికి 18 నిండకపోతే "కొన్నాళ్లు బండి ఆపి మళ్లీ ఇస్తాం" అన్న శిక్షే చెల్లదు. మళ్లీ ఇస్తే మనం మళ్లీ నేరం చేసినట్టు. తాళం 18 దాకా లేదు, అంతే. దాన్ని శిక్షగా కాకుండా, మేం చేసిన తప్పు మేం దిద్దుకుంటున్నాం అని చెప్పాం. మా ఆయన వాడి ముందు ఒప్పుకున్నారు, "నీకు ఇవ్వకూడనిది నేనిచ్చాను నాన్నా" అని. ఆ మాట తర్వాతే వాడు తలుపు తీసి మాతో కూర్చున్నాడు. ఫైను మాత్రం సగం వాడి దగ్గర తీసుకున్నాం, పండక్కి వచ్చిన డబ్బుల్లోంచి. తాళం పోయినందుకు వాడు పడే ఇబ్బందిని మేం తీర్చలేదు, ట్యూషన్‌కి సైకిలు, వానొస్తే షేర్ ఆటో. కానీ మా ఇబ్బంది కూడా తప్పలేదు. పొద్దున్న ట్యూషన్ ఆరింటికని నేను ఐదింటికి లేస్తున్నాను, చీకటి ఉన్న రోజుల్లో వాళ్ల నాన్న జంక్షన్ దాకా దింపుతున్నారు. నిజానికి మనం పిల్లలకి బండి ఇచ్చేది వాళ్ల సంతోషానికన్నా మన వీలుకే. ఆ వీలు వదులుకోవడానికి మనం సిద్ధంగా లేకపోతే ఏ శిక్షా నెల రోజులు దాటి నిలవదు.

18 దాటి లైసెన్సున్న పిల్లలది ఇంకో దారి. మా అక్క కొడుకుకి 19, రాజాంలో బీటెక్, వాడికీ ఇలాంటి చలానాయే పడింది. వాడికి పూర్తిగా ఆపేస్తే ఫ్రెండ్స్ బళ్లు ఉండనే ఉన్నాయి. అందుకని అక్కా బావా కలిసి మెట్లు మెట్లుగా ఇచ్చారు. ముందు నెల రోజులు బండి లేదు. తర్వాత నెల పగలు మాత్రమే, ఒంటరిగా మాత్రమే, హైవే ఎక్కకుండా. ఆ నెల చలానా లేకుండా గడిస్తే రాత్రి ఎనిమిది దాకా. వెనక ఫ్రెండుని ఎక్కించుకోవడం అన్నిటికన్నా ఆఖర్న. ఈ పద్ధతి మా అక్క కనిపెట్టింది కాదు, న్యూజిలాండ్‌లో 1987 నుంచి కుర్రాళ్లకి లైసెన్సు ఇలా అంచెలంచెలుగానే ఇస్తున్నారు. రాత్రి ఒంటరిగా తిరగకూడదు, పక్కన స్నేహితులు ఉండకూడదు అన్న షరతులతో మొదలుపెట్టి తర్వాత సడలిస్తారు. ఆ తర్వాత చాలా దేశాలు అదే పట్టుకున్నాయి. మన దగ్గర కూడా ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు ఉన్నవాళ్లు మోటార్ సైకిల్ వెనక నేర్పేవాళ్లని తప్ప ఎవర్నీ ఎక్కించుకోకూడదని రూల్ ఉంది, ఎవరూ పట్టించుకోరు. ఆ ఒక్క రూలు ఇంట్లో పాటించినా చాలా మారుతుంది.

రూలు తప్పితే ఏమవుతుందో ముందే చెప్పి ఉంచడం ముఖ్యం, ఆ రోజు మన కోపాన్ని బట్టి శిక్ష పెరగకూడదు, తగ్గకూడదు. మా అక్క కొడుకు రెండో నెలలో ఒకసారి ఫ్రెండుని ఎక్కించుకుని చిలకపాలెం దాకా వెళ్లాడు, తనే వచ్చి చెప్పాడు. ముందు అనుకున్నట్టే మెట్టు వెనక్కి జరిగింది, అరుపులు లేవు. తనే వచ్చి చెప్పాడన్న సంగతి నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

మా వాడికి ఫిబ్రవరిలో 18 నిండుతాయి. ఎల్‌ఎల్‌ఆర్ స్లాటు గురించి ఇప్పటికే రెండుసార్లు అడిగాడు, పుట్టినరోజు మర్నాటికి చూద్దామన్నాను. మొదటి రెండు నెలలు వెనక సీట్లో వాళ్ల నాన్నే కూర్చుంటారని ఇద్దరూ మాట్లాడుకున్నారు. పోయిన వారం డే అండ్ నైట్ జంక్షన్ వైపు వెళ్లినప్పుడు ఇద్దరూ కలిసి ఇంకో హెల్మెట్ కొనుక్కొచ్చారు.